అనంతపురం మెట్ట నేలలో నాటిన మొక్కలు మొదటి ఎండాకాలం ఎందుకు దాటడం లేదు?

ముందు మీ ప్రశ్న సరిగ్గా అర్థమైందో లేదో చెప్పుకుంటాను. కళ్యాణదుర్గం దగ్గర నాలుగెకరాల ఎర్రనేల. పోయిన జూలైలో మామిడి అంట్లు, చింత, వేప, కానుగ, నేరేడు కలిపి మూడు వందల మొక్కలు నాటించారు. మీరు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ నెలకు రెండుసార్లు వచ్చిపోతున్నారు. బోరులో నీళ్లు అంతంతమాత్రం. ఇప్పుడు మే నెలలో చూస్తే సగానికి పైగా ఎండిపోయాయి. షేడ్ నెట్ కట్టాలా, హైడ్రోజెల్ (మట్టిలో నీటిని పట్టి ఉంచే పదార్థం) వేయాలా, ఏదైనా మందు ఉందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. షేడ్ నెట్ వద్దు, మందు వద్దు. మీ మొక్కల్లో చాలావాటిని చంపింది ఎండ కాదు. అవి వానాకాలంలోనే దెబ్బతిన్నాయి, ఆ సంగతి ఎండలకు బయటపడింది, అంతే. నాటిన రోజు నుంచి సంక్రాంతి వరకు వేరు ఎంత లోతుకు దిగింది అన్నదాన్ని బట్టే మొక్క మే నెల దాటుతుందా లేదా తేలిపోతుంది. కాబట్టి డబ్బు, ఓపిక రెండూ నాలుగు పనుల మీద పెట్టండి: వేరు బాగున్న చిన్న మొక్క తేవడం, గాలి తగ్గాక నాటడం, పాదులో గడ్డి లేకుండా చూడటం, శనక్కాయ కోతలు అయ్యేలోపు కంప వేయడం. నీళ్ల సంగతి వీటి తర్వాతే.

నేను ధర్మవరం వైపు చాలా ఏళ్లుగా నర్సరీ నడుపుతున్నాను. రైతుల పొలాల్లో నాటించి, మూడేళ్లు చూసి అప్పగించే పని కూడా చేస్తాను. కాబట్టి కింద రాసేది మన ఎర్రనేలలకు, మన వానలకు సరిపోయేది. గోదావరి జిల్లాల వాళ్లకు ఇందులో సగం పనికిరాదు.

ఇంకా ఏదీ పీకేయకండి

మొదటి పని ఇది. ఎండినట్టు కనిపించే ప్రతి మొక్క కాండాన్నీ నేలకు జానెడు ఎత్తులో గోటితో కొద్దిగా గీరండి. తోలు కింద పచ్చగా, తడిగా ఉంటే అది బతికే ఉంది. వేప, చింత, కానుగ, నేరేడు ఈ నాలుగూ పైన పూర్తిగా ఎండినా మొదలు దగ్గర నుంచి మళ్లీ చిగురు వేయగల జాతులు. కాండం పైన గోధుమరంగులో ఉంటే ఇంకా కిందికి, మట్టిని కాస్త తొలగించి చూడండి. అక్కడ పచ్చదనం ఉన్నా చాలు. పైన ఎండిన భాగాన్ని పచ్చగా ఉన్న చోటికి కొంచెం పైన కత్తిరించి, ఒక్కసారి నిండుగా నీళ్లు పోసి, తొలి వాన వరకు ఆగండి. రోహిణి కార్తెలో (మే చివర) చచ్చిపోయిందనుకున్న వేప ఆరుద్రకల్లా (జూన్ చివరికి) మూడు పిలకలు వేయడం నాకు కొత్త కాదు. ఆ పిలకల్లో బలమైనది ఒక్కటి ఉంచి మిగతావి తీసేయాలి. దాని వేరు అప్పటికే ఏడాది పాతది కాబట్టి కొత్త మొక్క కంటే త్వరగా పైకి వస్తుంది.

మామిడి అంటు సంగతి వేరు. అతుకు (అంటు కట్టిన చోటు) పైభాగం ఎండిపోయి, అతుకు కింద నుంచి చిగురు వస్తే అది నాటు మామిడి. బంగినపల్లి అనుకుని నీళ్లు పోస్తూ కూర్చోకండి. పనిమంతుడు దొరికితే ఆ చిగురు మీదే వానాకాలంలో మళ్లీ అంటు కట్టించవచ్చు. నేలలో కుదురుకున్న వేరు కాబట్టి అది నిజానికి మంచి పద్ధతి.

నిజంగా చచ్చినవాటిని పీకి చూడండి

ఇదే అసలు పరీక్ష. ఏ మందు వేయాలని అడిగే ముందు పదీ ఇరవై మొక్కల్ని పారతో చుట్టూ తవ్వి, వేరు తెగకుండా తీయండి. ఏం కనిపిస్తుందో దాన్ని బట్టి కారణం తెలుస్తుంది.

వేర్లన్నీ ఇంకా నర్సరీ కవరు ఆకారంలోనే చుట్టచుట్టుకుని ఉంటే, మొక్క అసలు మీ నేలలోకి దిగనేలేదన్నమాట. పది నెలలు ఆ కవరు మట్టిలోనే బతికింది. మీరు చెప్పిన దాన్ని బట్టి మీ పొలంలో ఎక్కువగా కనిపించేది ఇదే అనుకుంటున్నాను. "మనిషి ఎత్తు మొక్కలు తెచ్చాం, అయినా పోయాయి" అని రాశారు చూడండి, అక్కడే అనుమానం వచ్చింది.

మొదలు దగ్గర తోలు లేకుండా, మట్టి గొట్టాలు పాకి ఉంటే చెదలు. అయితే చెద కనిపించగానే నేరం దాని మీద వేయకండి. నీళ్లందక నీరసించిన మొక్కకే చెద ముందు పడుతుంది. చాలాసార్లు చచ్చిన తర్వాత వచ్చిందే ఎక్కువ. పక్కనే బతికున్న మొక్క మొదలు దగ్గర కూడా మట్టి గొట్టాలు ఉంటేనే చెదకు వైద్యం చేయాలి.

పీచువేర్లు లేకుండా ఎవరో కొరికేసినట్టు బోడి వేరు మిగిలి, మట్టిలో తెల్లగా వంకర తిరిగిన లావుపాటి పురుగు దొరికితే అది వేరుపురుగు. మనది శనక్కాయ జిల్లా, ఈ పురుగు మనకు పాత చుట్టమే. చివకని పశువుల పేడ గుంతలో వేస్తే దాన్ని పిలిచి భోజనం పెట్టినట్టే.

కాండం ఏటవాలుగా, కత్తితో కోసినట్టు తెగి ఉంటే కుందేలు. చివరలు పీకినట్టు చీలి ఉంటే మేక. ఆకులు రాలిపోయి పుల్ల మిగిలితే నెమ్మదిగా నీటి కరువుతో పోయింది. ఆకులు కొమ్మకే అంటుకుని ఉన్నట్టుండి ఎండితే వేరుకో, మొదలుకో ఏదో జరిగింది. ఆకు కొనలు మాత్రమే మాడి, మిగతా ఆకు పచ్చగా ఉంటే, ముఖ్యంగా మామిడిలో, మీ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువని అర్థం. దానికి ఇంకా ఇంకా నీళ్లు పోస్తే ఉప్పు ఇంకా పేరుతుంది. నీటి పరీక్ష చేయించండి, పెద్ద ఖర్చు కాదు.

ఎత్తైన మొక్క మీద మోజు

నర్సరీ వాడినై ఉండి ఈ మాట చెప్పడం నా వ్యాపారానికి మంచిది కాదు. కానీ మెట్టలో నాటడానికి మనిషి ఎత్తు మొక్క కంటే మోకాలి ఎత్తు మొక్క మేలు. ఎత్తు మొక్క అంటే చిన్న కవరులో ఎక్కువ కాలం ఉండిపోయిన మొక్క. పైన ఆకులు బోలెడు, కింద వాటికి నీళ్లు అందించే వేరు చారెడు. నాటిన మరునాటి నుంచే లెక్క తప్పుతుంది. పైగా ప్రధాన వేరు కవరు అడుగు తగిలి గుండ్రంగా తిరిగి ఉంటుంది. చింత, వేప, నేరేడు లాంటి తల్లివేరు జాతుల్లో అలా తిరిగిన వేరు తర్వాత దానంతట అది నిటారు కాదు. రెండో ఏడు దాటినా, ఐదారేళ్లకు పెద్ద గాలికి మొదలుతో సహా పడిపోయే చెట్లు ఇవే.

కొనేటప్పుడు కవరు పైకెత్తి అడుగు చూడండి. చిల్లుల్లోంచి లావుపాటి వేర్లు బయటికి వచ్చి నేలలోకి దిగి ఉంటే ఆ మొక్క వద్దు. పీకేటప్పుడు అవి తెగుతాయి. కాండం పెన్సిలు లావు ఉండి, ఆకు ముదురుగా ఉండి, ఎండలో పెట్టిన మొక్క తీసుకోండి. నీడ కింద నిగనిగలాడే లేతాకుపచ్చ మొక్క చూడటానికి బాగుంటుంది, మీ పొలంలో వారానికి మాడిపోతుంది. నర్సరీలో మొక్కను బయటికి పంపే ముందు మూడు నాలుగు వారాలు నీళ్లు తగ్గించి, పూర్తి ఎండకు అలవాటు చేయాలి. అలా చేశారా అని అడగండి. అర్థం కానట్టు మొహం పెడితే వేరే చోటికి వెళ్లండి.

నాటే ముందు రోజు కవరులో నీళ్లు పోసి ఉంచితే మట్టి గడ్డ విడిపోదు. కవరును బ్లేడుతో నిలువునా కోసి మొత్తం తీసేయాలి. కూలీలు త్వరగా అవ్వాలని అడుగు మాత్రం చింపి గుంతలో దింపేస్తారు, మీరు పక్కన నిలబడకపోతే జరిగేది అదే. అడుగున వేర్లు చుట్టుకుని ఉంటే ఆ చుట్టను అంగుళం మందం కోసిపారేయండి. భయపడాల్సిన పని లేదు, కోసిన చోటు నుంచే కొత్త వేర్లు కిందికి దిగుతాయి.

గుంతలు ఇప్పుడే, ఎండలు ఉండగానే తీయించండి. వేప, కానుగలకు రెండడుగుల గుంత, మామిడికి మూడడుగులది. పైమట్టి ఒక పక్క, కింది మొరుసు ఒక పక్క వేయించి, పూడ్చేటప్పుడు పైమట్టినే గుంతలోకి పంపాలి. దానితో బాగా చివికిన ఎరువు, రెండు మూడు గుప్పిళ్ల వేపపిండి. మొరుసు మట్టిని పాదుకు గట్టుగా వాడుకోవచ్చు.

జూలై వద్దు అని ఎందుకంటున్నాను

ఈ విషయంలో నాతో చాలామంది ఒప్పుకోరు. తొలకరికి నాటాలని అందరూ చెప్తారు, తెలంగాణలో, కోస్తాలో అది నిజమే. మన జిల్లా వేరు. ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ వాన సెప్టెంబరులో. జూన్, జూలైల్లో మబ్బులు ఉంటాయి, వాన తక్కువ, గాలి మాత్రం విపరీతం. రామగిరి కొండల మీద, మీ కళ్యాణదుర్గం చుట్టూ గాలిమరలు ఊరికే పెట్టలేదు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు కదిలేది కూడా ఈ పడమటి గాలికే. ఆ గాలిలో నిన్న నాటిన మొక్క రోజంతా ఊగుతూ ఉంటే కొత్తగా పుట్టే సన్న వేర్లు తెగిపోతాయి. ఆకుల్లోంచి నీరు గాలికి కూడా బాగా పోతుంది. పైకి చల్లగా ఉంది కదా అని మనం నీళ్లు పోయం.

నా పద్ధతి ఇది. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో, అంటే జూన్ చివర, జూలై మొదట్లో వానపడగానే ప్రతి గుంతకూ పడమర, నైరుతి వైపు, గుంత అంచు నుంచి రెండు మూడు అడుగుల దూరంలో, అర్ధచంద్రాకారంగా కంది గింజలు వేస్తాను. మఖ, పుబ్బ కార్తెల నాటికి, అంటే ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కంది నడుము ఎత్తు వస్తుంది, గాలి కూడా తగ్గుతుంది. నేల లోతుకు తడిసిన ఒక మంచి వాన తర్వాత మొక్క నాటుతాను. అక్కడి నుంచి ఉత్తర, హస్త, చిత్త వానలు, ఆపై ఈశాన్య రుతుపవనం ఇచ్చే జల్లులు. మనకు చలికాలం పెద్ద చలి కాదు, వేరు పెరుగుతూనే ఉంటుంది. ఫిబ్రవరి దాకా దాదాపు ఆరు నెలలు దొరుకుతాయి. కంది కాయలు కోసుకున్నాక కట్టెను పీకకుండా వదిలేస్తే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాతి ఎండకు అదే అడ్డం. మీరు అడిగిన షేడ్ నెట్ పని అది ఊరికే చేస్తుంది, పైగా పప్పు కూడా.

దీనికి రెండు షరతులు. కంది మరీ దగ్గరగా వేస్తే మొక్క నీళ్లు అదే తాగేస్తుంది. రెండోది, కంది అంటే మేకలకు ప్రాణం, కంప లేకుండా ఈ పద్ధతి మొదలుపెట్టకండి.

బోరు బాగా ఉండి, రోజూ చూసే మనిషి ఉంటే జూలైలో నాటినా బతికించవచ్చు. మీకు ఆ రెండూ లేవు కాబట్టే ఇంతగా చెప్తున్నాను. ఏ నెలలో నాటినా మొక్కకు కర్ర ఊతం మాత్రం కావాలి. కర్రను గాలి వచ్చే వైపు పాతి, పురికొసతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. ప్లాస్టిక్ తాడు, ఇనుప తీగ వద్దు. కాండం లావయ్యేకొద్దీ అవి తోలును కోసేస్తాయి.

గడ్డి

జనం అస్సలు పట్టించుకోనిది ఇదే. మేక కనిపిస్తుంది, చెద కనిపిస్తుంది, గడ్డి మాత్రం పచ్చగా అందంగా ఉంటుంది కాబట్టి శత్రువులా కనిపించదు. పాదులో గరిక ఉంటే మీరు పోసే నీళ్లలో ముందు వాటా దానిదే. దాని వేర్లు పై జానెడు మట్టిలో జల్లెడలా పరుచుకుని ఉంటాయి, చిన్న జల్లులన్నీ అక్కడే ఆగిపోతాయి. ఉరవకొండ వైపు ఒక రైతు పొలంలో ఒకే రోజు నాటిన మొక్కల్లో సగం వరసలకే కలుపు తీయగలిగారు, కూలీలు దొరకలేదు. నీళ్లు అన్నిటికీ ఒకే లెక్క. మరుసటి మార్చికి కలుపు తీసిన వరసల్లో మొక్కలు నడుము ఎత్తు, తీయని వాటిలో బతికినవి కూడా నాటిన ఎత్తులోనే ఉన్నాయి.

మొక్క చుట్టూ మూడడుగుల వ్యాసం మేర నేల శుభ్రంగా ఉంచండి. సెప్టెంబరు, నవంబరు, జనవరిలో ఒక్కోసారి తీస్తే చాలు. కలుపు మందు కొట్టే ఆలోచన వద్దు, లేత మొక్క మీద తుంపర పడితే ఆకులు ముడుచుకుంటాయి. తీసిన గడ్డిని ఎండబెట్టి అక్కడే పరచండి. శనక్కాయ పొట్టు, కంది ఆకు, కొబ్బరి పీచు, మీకు ఏది చవకగా దొరికితే అది నాలుగు వేళ్ల మందం వేయండి. కానీ కాండానికి తగలకుండా జానెడు ఖాళీ వదలాలి. తగిలితే చెదకు నిచ్చెన వేసినట్టు. గ్రానైట్ క్వారీల దగ్గర పల్చటి రాళ్లు దొరికితే వాటినీ పాదులో పరచవచ్చు, వాటికి చెద పట్టదు. మన ముసలివాళ్లు చింత మొక్క చుట్టూ రాళ్లు పేర్చేది కాపలాకే కాదు, కింద తడి ఆరకుండా కూడా.

జీవాలు, కాపరులు

మీరు "మేకల వాళ్లతో గొడవగా ఉంది" అని రాశారు. గొడవ పడితే మీరే ఓడిపోతారు. మీరు బెంగళూరులో ఉంటారు, వాళ్లు రోజూ అక్కడే ఉంటారు.

ఎప్పుడు నష్టం జరుగుతుందో చూడండి. పంట ఉన్నన్నాళ్లు ఏ కాపరీ పొలంలోకి జీవాలను వదలడు. శనక్కాయ పీకేశాక, నవంబరు చివరి నుంచి పొలాలన్నీ బీడు కింద లెక్క, మేత అందరిదీ. మీ మొక్కలు అప్పుడే పోతాయి. కాబట్టి అక్టోబరులోనే కాపరిని కలిసి మాట్లాడండి. మొక్కలు లేని ఎకరంలోనో, పక్క చేలోనో మంద కట్టించుకోండి (రాత్రిళ్లు జీవాలను అక్కడ ఉంచమనండి), దానికి ఇవ్వాల్సింది ఇవ్వండి. మీ నేలకు ఎరువు దొరుకుతుంది, ఆయనకు ఆదాయం దొరుకుతుంది. మీ నుంచి డబ్బు తీసుకున్న మనిషి తన జీవాలనే కాదు, పక్క ఊరి మందను కూడా అటు రానివ్వడు. నేను చూసిన కాపలాల్లో ఇంత చవకైనది లేదు.

అయినా కంప వేయాలి. సర్కారు తుమ్మ, రేగు కంప మీ చుట్టూ బోలెడు. ఒక్కో మొక్కకు నాలుగైదు మండలు, మొదళ్లు లోపలికి, ముళ్ల కొనలు బయటికి ఉండేలా చుట్టూ పెట్టి, మొదళ్ల మీద రాయి పెట్టాలి. లేకపోతే మొదటి గాలికే ఎగిరిపోతుంది. సర్కారు తుమ్మను కాయలు లేనప్పుడు కొట్టించండి. కాయలతో తెస్తే వచ్చే ఏడు మీ పాదుల్లో తుమ్మ మొలుస్తుంది. ఎండిన కంపను పొయ్యిలోకి ఎత్తుకుపోయే వాళ్లు ఉంటారు, మార్చి దాకా ఒకటి రెండుసార్లు సర్దుకోవాల్సిందే.

పేడనీళ్లు ఆకుల మీద చల్లితే మేక ముట్టదంటారు. నిజమే, వాసన ఉన్నన్నాళ్లు. వాన పడితే మళ్లీ చల్లాలి. మీరు పదిహేను రోజులకు ఒకసారి వచ్చే మనిషి కాబట్టి దాని మీద ఆధారపడలేరు.

పొలం చుట్టూ శాశ్వతంగా కావాలంటే గచ్చకాయ, వాక్కాయ, కిత్తనార వానాకాలంలో వేయండి. మూడేళ్లకు కుక్క కూడా దూరదు. ఆ మూడేళ్లు మాత్రం కంపే దిక్కు.

ఇనుప ట్రీగార్డులు రోడ్డు పక్కన మొక్కలకు సరే, పొలంలో వందల మొక్కలకు డబ్బు దండగ. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను సర్పంచి, కార్యదర్శి మీద పెట్టాక అక్కడి ఊళ్లలో ప్రతి మొక్కకూ కర్ర, కంప, ట్యాంకరు నీళ్లు కనిపించడం మొదలైంది. అడిగేవాడు ఉంటే మొక్క బతుకుతుంది. మీ పొలంలో ఆ బాధ్యత ఎవరిదో, నెలకు ఎంతకో, ఒక మనిషిని మాట్లాడుకోండి. బతికిన మొక్కకు ఇంత అని మార్చిలో, జూన్‌లో లెక్కగట్టి ఇస్తే నెల జీతం కంటే బాగా పనిచేస్తుంది.

నీళ్లు

రోజూ చెంబెడు పోయడం కంటే పది రోజులకు ఒకసారి రెండు బిందెలు పోయడం మేలు. రోజూ పైపైన తడిపితే వేరు పైకే వస్తుంది, మీరు ఒక్క వారం రాలేకపోతే అక్కడితో సరి. మీ మూడు వందల మొక్కలకు ఒక్కోదానికి 15 నుంచి 20 లీటర్లు అంటే 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి, దానికి కాస్త పైన. ఫిబ్రవరి నుంచి జూన్ వరకు పది పన్నెండు తడులు లెక్క వేసుకోండి. ఆ ఖర్చు చూసి గుండె జారితే మొక్కలు తగ్గించండి. మూడు వందలు నాటి సగం పోగొట్టుకోవడం కంటే నూటయాభై నాటి అన్నీ నిలబెట్టడం తక్కువ ఖర్చు. ఈ మాట వినేవాళ్లు తక్కువ, ఎందుకో నాకు అర్థం కాదు.

మనిషి లేనప్పుడు కుండ బాగా పనిచేస్తుంది. రంగు వేయని మట్టికుండను మొక్కకు జానెడున్నర దూరంలో మెడ దాకా పాతి, నింపి, మూత పెట్టాలి. కుండ ఒళ్లంతా ఊరుతుంది, వేర్లు దాన్ని వెతుక్కుంటూ వస్తాయి. మూత లేకపోతే దోమలు చేరతాయి, నీళ్లు ఆవిరైపోతాయి. మన బోరు నీళ్ల సున్నానికి ఏడాది రెండేళ్లలో కుండ రంధ్రాలు మూసుకుపోతాయి, అప్పటికి దాని పని అయిపోయి ఉంటుంది. మూడు వందలకు కాకపోయినా మామిడి అంట్లకు మాత్రం పెట్టండి. వాలు నేల అయితే మొక్కకు దిగువన అర్ధచంద్రాకారపు కట్ట వేస్తే వాన నీళ్లు దానికదే ఆగుతాయి. ఇది ట్యాంకరు కంటే ముందు చేయాల్సిన పని.

హైడ్రోజెల్ అడిగారు. అది ఉన్న నీటిని పట్టి ఉంచుతుంది, లేని నీటిని పుట్టించదు. మీరు పది రోజులకు ఒకసారి నీళ్లు పోస్తే దానివల్ల కొంత లాభం, నెలకు ఒకసారి పోస్తే ఏమీ లేదు. నేను దానికి పెట్టే డబ్బు శనక్కాయ పొట్టుకు పెడతాను.

చెద, వేరుపురుగు, నిప్పు

చెదకు ముందు జాగ్రత్త చాలు: చివికిన ఎరువు, వేపపిండి, కాండానికి దూరంగా చెత్త, పొలంలో పుట్టలుంటే తవ్వి రాణిని తీయించడం. బతికున్న మొక్కల మీద నిజంగా పడుతుంటే రైతు సేవా కేంద్రంలో చూపించి వాళ్లు చెప్పిన మోతాదులోనే మందు వాడండి. వేరుపురుగుకు తొలి వానలు పడిన సాయంత్రాలు ముఖ్యం. ఆ పెంకు పురుగులు చీకటి పడగానే నేలలోంచి లేచి వేప, రేగు చెట్ల మీద చేరతాయి. కొమ్మలు దులిపి, కిరోసిన్ కలిపిన నీళ్లలో వేసి చంపితే ఆ ఏడాది గుడ్లు తగ్గుతాయి. ఒక్క మీ పొలంలో చేస్తే పెద్ద ఫలితం ఉండదు, చుట్టుపక్కల వాళ్లు కూడా కలవాలి.

నిప్పు మాట ఎవరూ ముందుగా అనుకోరు. సంక్రాంతి అయ్యాక పొలం చుట్టూ రెండు మూడు మీటర్ల వెడల్పున నాగలితోనో, ట్రాక్టరుతోనో దున్నించి గడ్డి లేకుండా చేయండి. ఎండిన కంప, ఎండిన గడ్డి ఉన్న చోట ఎవడో పారేసిన బీడీ చాలు.

ఏ మొక్కలు, ఎన్ని

మీ పరిస్థితికి పొలం అంచుల్లో కానుగ, సీతాఫలం ఎక్కువగా పెట్టండి. ఈ రెంటినీ మేకలు సాధారణంగా ముట్టవు. వేపను తింటాయి, కానీ అది తట్టుకుని మళ్లీ లేస్తుంది. నేరేడు నీళ్లు ఎక్కువ అడుగుతుంది, వంక దగ్గరో, పల్లంలోనో తప్ప వద్దు. మామిడి మీరు నీళ్లు ఇవ్వగలిగినన్ని మాత్రమే.

చింత, వేప, కానుగలకు కవరు మొక్కే అక్కర్లేదు. గింజ నేరుగా వేయండి. తల్లివేరు ఎక్కడా వంగకుండా నిలువుగా దిగుతుంది. చింతగింజను రాత్రంతా నానబెట్టి గుంతకు మూడు నాలుగు వేసి, తర్వాత ఒకటి ఉంచాలి. వేపగింజ మాత్రం తాజాగా ఉండాలి, రాలిన కొన్ని వారాలకే మొలక శక్తి పోతుంది. కాబట్టి జూన్, జూలైలో పండు రాలగానే ఏరి వేయాలి. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్య గారు, 2017లో పద్మశ్రీ అందుకున్నాయన, గింజలు ఏరి చల్లుకుంటూ వెళ్లి కూడా లెక్కలేనన్ని చెట్లు పెంచారు. మీ పొలంలోనే చూడండి, ఎవరూ నాటని వేప చెట్లు ఎక్కడ లేచాయో. రేగు పొద మధ్యలోంచి లేచి ఉంటాయి. పిట్ట గింజ వేసింది, పొద నీడనిచ్చింది, ముల్లు మేకను ఆపింది. పొదలున్న చోట వాటిని కొట్టేసి గుంత తీసే బదులు, పొద తూర్పు అంచున లోపలికి గింజ వేయండి.

చచ్చినవాటి స్థానంలో కొత్తవి ఈ సెప్టెంబరులోనే నాటేయండి. రెండేళ్లు ఆలస్యమైతే పక్క మొక్కల నీడలో అవి ఎదగవు.

మామిడి విషయంలో ఇంకో రెండు మాటలు. అతుకు నేలకు నాలుగైదు అంగుళాలు పైనే ఉండాలి, అతుకుకు చుట్టిన ప్లాస్టిక్ పట్టీ ఉంటే విప్పేయాలి. మొదటి మూడేళ్లు పూత వస్తే తుంచేయండి. రెండో ఏడే నాలుగు కాయలు చూసి మురిసిపోతే చెట్టు అక్కడే ఆగిపోతుంది. రెండో ఎండాకాలం మూడు వారాలకు ఒక తడి సరిపోతుంది, పాదును మాత్రం కొమ్మల అంచు దాకా వెడల్పు చేయాలి, ఎందుకంటే అప్పటికి వేరు మొదలు దగ్గర ఉండదు. మూడో ఏడు వేప, కానుగ, చింతలకు నీళ్లు ఆపేయవచ్చు. ఊతం కర్రను రెండో ఏడు చివర తీసేయండి, లేకపోతే కాండం తన బలం తాను తెచ్చుకోదు.

వచ్చేసారి పొలానికి వెళ్లినప్పుడు పీకిన మొక్కల వేర్ల ఫోటోలు, బోరు నీటి పరీక్ష కాగితం ఇక్కడే పెట్టండి. వాటిని చూశాక మామిడి ఎన్ని ఉంచాలో చెప్తాను.